పైగడి సత్తిరాజు, కిందిగడి సత్తిరాజు

రోడ్డు రోలర్ కింద వీర్రాఘవులు టీ కొట్టు బల్ల పడి అప్పడమైపోయిన రోజునే నాకు అనుమానం తగిలింది. ఆ రోలర్ నడిపేది మా ఆయన సత్తిరాజు. ఆ బండి ఎంత నింపాదిగా పోతుందో మీకు తెలీనిది కాదు. దాన్ని చూసి కోడిపిల్ల కూడా కంగారుపడదు. అలాంటి బండి కింద, కదలకుండా నిలబడ్డ బల్ల పడింది.

"బల్ల కనపళ్ళేదే కనకం," అన్నాడు ఇంటికొచ్చి.

"రోజూ దాని మీదే కదా కూర్చుని టీ తాగుతావు!"

"అదేనే. దాన్ని వెతుక్కుంటూనే వెళ్ళాను."

ఇదీ నేను కాపురం చేస్తున్న మనిషి. ఆయన్ని మావయ్యా అని పిలుస్తాను. వరసకి కాదు, నిజంగానే మేనమామ, మా అమ్మకి సొంత తమ్ముడు. మా గోదావరి వైపు అక్క కూతుర్ని చేసుకోవడం ఉన్నదే. మా పెళ్ళిలో ఆ సంగతి గురించి ఎవరూ నోరెత్తలేదు. వంకాయ కూరలో ఉప్పెక్కువైందని మాత్రం ఇప్పటికీ అంటారు.

మా ఊరి కంటి డాక్టరుగారు చూసి నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకున్న నరాన్ని మెల్లమెల్లగా తినేస్తుందట. ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది గనక మనిషికి ఏమీ తెలీదు. పోయిన చూపు మళ్ళీ రాదు. చుక్కల మందు వేస్తే ఒత్తిడి దిగలేదు. "ఆపరేషన్ చేయించి ఉన్న చూపైనా నిలబెట్టుకోండమ్మా, ఆలస్యం చెయ్యకండి," అని పట్నంలో ఓ పెద్ద సంస్థకి పంపించారు.

మా అమ్మమ్మ గవరమ్మ, అంటే ఈయన తల్లి, ఈ జబ్బుతోనే గుడ్డిదైపోయింది. ఆఖర్లో నేను అన్నం పెడుతుంటే నా మొహం తడిమి, "కనకమేనా?" అని అడిగేది. మావయ్యని అలా చూడలేను. నా వల్ల కాదు.

ఆ సంస్థ పేరు జాతీయ నేత్రచిత్ర జన్యు సమన్వయ పరిశోధనా సంస్థ. బోర్డు మీద ఆ పేరు మేం చదివేసరికే రిక్షా అతను పక్క వీధిలోకి వెళ్ళిపోయాడు. లోపల అంతా అద్దాలూ, చల్లగాలీనూ. గోడ మీద పెద్ద అక్షరాలతో, "ఇచ్చట జబ్బును కాదు, జబ్బు యొక్క భవిష్యత్తును చూస్తాము" అని రాసుంది. మావయ్య చదివి, "భలే రాశారే," అన్నాడు. ఎదురుగా ఉంది కదా, కనపడింది.

మిషన్లో గడ్డం ఆనించి కంటి నరం ఫొటో తీశారు. ఆకుపచ్చ ఉన్న చోట నరం బాగున్నట్టు, ఎరుపున్న చోట పోయినట్టు. మావయ్య ఎడమ కంట్లో కింద ఓ మూల ఎర్రగా ఉంది. మిగతాదంతా పచ్చగానే ఉంది. అది ఎండాకాలం.

డైరెక్టరు డాక్టర్ పరాంకుశరావుగారు ఆ ఫొటోని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. మావయ్య కంటిని మాత్రం చూడలేదు.

"ఆపరేషన్ ఎప్పుడు చేస్తారండీ?" అన్నాను.

"అమ్మా, ఒకే ఒక్క చిత్రాన్ని ఆధారం చేసుకొని చికిత్స చేయుట జ్యోతిష్యమనిపించుకొంటుంది. మా సంస్థ నిబంధనావళి ప్రకారం, ఒకే రోగికి చెందిన రెండు చిత్రముల నడుమ తేడా నిరూపితం కావాలి. దానిని మేము ముదురుదల అంటాము. ముదురుదల నిరూపితమైన పిమ్మటే శస్త్రచికిత్సకు అర్హత లభించును."

"అంటే జబ్బు ముదిరిందాకా ఆగాలా అండీ?"

"ముదిరినట్లు నిరూపితమయ్యే దాకా," అని సరిదిద్దారు. "ఈలోగా రక్తము, వంశవృక్షము ఇచ్చి వెళ్ళండి. వంశవృక్షము లేని కన్ను మాకు కన్ను కాదు."

వంశవృక్షం గీసేది విశాలి అనే అమ్మాయి. కంప్యూటరు ముందు కూర్చుని మా వాళ్ళ పేర్లన్నీ ఎక్కించింది. పైన అమ్మమ్మకో గడి. దాని కింద వరసలో మా అమ్మకో గడి, మావయ్యకో గడి. మా అమ్మ కింద నాకో గడి. అంతవరకూ బాగానే ఉంది.

"మీ ఆయన పేరండీ?" అంది.

"ఇందాక చెప్పాను కదమ్మా. సత్తిరాజు."

"అది మీ మేనమామ పేరు కదండీ."

"ఆయనే ఈయన."

అమ్మాయి మీట నొక్కింది. కంప్యూటరు కుయ్యిమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కుయ్యిమంది. ఆ కంప్యూటరు లెక్కలో మొగుడూ పెళ్ళాలు ఒకే వరసలో, పక్కపక్క గడుల్లో ఉండాలి. మావయ్య పై వరసలో ఉన్నాడు, నేను కింది వరసలో ఉన్నాను. ఆయన్ని కిందికి దింపితే అమ్మమ్మకి కొడుకు కాకుండా పోతాడు. నన్ను పైకెక్కిస్తే మా అమ్మకి నేను కూతుర్ని కాను, మరదల్ని. ఇక ఊరుకోలేక, "ఇది ఏ దేశం కంప్యూటరమ్మా, దీనికి మేనరికం తెలీదా?" అన్నాను. విశాలి తల గోక్కుని, "మాదీ మేనరికమేనండీ, దీనికి చెప్తే వినదు," అంది.

వ్యవహారం డైరెక్టరుగారి దాకా వెళ్ళింది. ఓ కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు లోపల కాఫీలు తాగుతుంటే మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. మావయ్య ఎడమ చెయ్యి పక్కనే మజ్జిగ గ్లాసు పెడితే, తోసేసి కింద పోశాడు. ఆఖరికి మమ్మల్ని పిలిచారు.

"మీ కుటుంబ నిర్మాణం సాంకేతిక ప్రమాణాలకు అనుగుణంగా లేదు," అన్నారు పరాంకుశరావుగారు. "అయినను మా సంస్థ రోగి పక్షపాతి. కావున సత్తిరాజుగారిని రెండు గడులలో నమోదు చేయుటకు కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. గవరమ్మగారి కుమారుడు పైగడి సత్తిరాజు, అవివాహితుడు. మీ భర్త కిందిగడి సత్తిరాజు, తల్లిదండ్రుల వివరములు లేవు."

"అదేంటండీ! ఆయన్ని రెండు చేసే బదులు నన్ను రెండు చెయ్యండి. నాకు జబ్బు లేదుగా, ఏ గొడవా ఉండదు."

"మీకు జబ్బు లేదు. అందుచేత మీ పట్ల సంస్థకు ఆసక్తి లేదు."

పైగా ఒక రోగి వస్తే ఇద్దరు లెక్కకి వచ్చారని కమిటీలో ఒకాయన మహా సంబరపడిపోతున్నాడు. మావయ్య బయటికొస్తూ నా చెవిలో, "పైగడి వాడు పెళ్ళి కాని వాడంటనే," అన్నాడు సిగ్గుపడుతూ. చాల్లే సంబడం అన్నాను.

దసరా వెళ్ళాక రెండో ఫొటోకి రమ్మన్నారు. ఈలోపల ఇంట్లో గుమ్మాలు తగులుకోవడం ఎక్కువైంది. విస్తట్లో ఎడమ పక్క పచ్చడి వేస్తే, "పచ్చడి లేదేంటే?" అని అడిగేవాడు. రోలర్ కంట్రాక్టరు, "నీ కళ్ళు బాగయ్యాక రావయ్యా," అని పంపించేశాడు. నేను మాత్రం ఈ ఫొటో అయిపోతే ఆపరేషన్ చేసేస్తారన్న ఆశతో ఉన్నాను.

ఫొటో తీశారు. ఎడమ కంట్లో సగం ఎరుపే. కుడి కంట్లో కూడా మొదలైంది.

"ఇంకేం కావాలమ్మా, ముదిరింది కదా!" అన్నాను విశాలితో.

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. "ఇది కిందిగడి ఆయన ఫొటో అండీ. పైగడి ఆయనది ఎండాకాలంలోనే అయిపోయింది. ఈసారి కిందిగడి ఆయన వంతు. ఇద్దరికీ చెరొకటే ఉంది. ఒక్కో ఫొటోతో ముదురుదల చూపించలేమండీ."

"రెండూ ఒకే మనిషివి కదే తల్లీ! పక్కపక్కన పెట్టి చూడు!"

"ఒక రోగి ఫొటో పక్కన ఇంకో రోగి ఫొటో పెట్టకూడదండీ. గోప్యత. పైగడి ఆయన ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యాలి."

మావయ్య వెంటనే పెన్ను తీసి సంతకం చేసేశాడు. విశాలి దాన్ని, ఇందాక ఫొటోకి ముందు పెట్టించుకున్న సంతకంతో కంప్యూటర్లో పోల్చి చూసింది.

"ఇది కిందిగడి వారి సంతకమండీ," అంది. "నాకు తెలుసండీ ఒక్కరేనని. నేను చెప్తే నా ఉద్యోగం పోతుంది తప్ప ఆ కంప్యూటరు మాత్రం ఒప్పుకోదు."

పోనీ ఇంకో ఆసుపత్రికి పోదామా అంటే, ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు ఇక్కడ రెండు పేర్ల మీద తెరిచి ఉందట. రెండూ మూస్తే గానీ ఇంకోచోట తెరవరు. మూయించడానికి రోగులిద్దరూ ఒకేసారి, ఒకే కిటికీ దగ్గరికి రావాలట. మావయ్యని కిటికీ ముందు నిలబెట్టాను. "ఇంకొకరు ఏరీ?" అన్నాడు కిటికీలో కూర్చున్నవాడు. ఆ రోజు నా నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను బయటికి పంపించి తలుపేశారు.

ఇంతలో, ఫొటోలప్పుడు రెండుసార్లూ తీసుకున్న రక్తం సంగతి తేలింది. డైరెక్టరుగారు మమ్మల్ని స్వయంగా ఫోన్ చేసి పిలిపించారు. గదిలోకి వెళ్ళేసరికి లేచి నిలబడి మావయ్యకి దణ్ణం పెట్టారు.

"సత్తిరాజుగారూ, మీరు మా సంస్థ చరిత్రను మార్చివేశారు. పైగడి, కిందిగడి సత్తిరాజుల జన్యువులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే! మీరిరువురూ ఒకే పోలిక కవలలు! పుట్టిన తేదీ కూడా ఒకటే. మేము సరిచూసితిమి."

"పేరు కూడా ఒకటేనండీ," అన్నాను పళ్ళు కొరుకుతూ.

"దానిని కూడా నమోదు చేశాము. పూర్వకాలపు తల్లులలో అవిద్య ఎక్కువ."

పోయిన మా అమ్మమ్మ ఎక్కడున్నా ఆ మాటకి లేచొచ్చి చీపురు తీసుండేది. నేను ఓపిక పట్టి, "కవలలైతే మా ఆయన కూడా మా అమ్మ తమ్ముడే అవుతాడు కదండీ. మళ్ళీ పై వరసలోకే వెళ్ళాలి కదా, మీ కంప్యూటరు ఎలా ఒప్పుకుందండీ?" అని అడిగాను.

"అది వంశవృక్ష విభాగపు సమస్య. కవలలు జన్యు విభాగపు విజయం. విభాగముల నడుమ జోక్యము ఉండరాదు." అని, కుర్చీలో వెనక్కి వాలారు. "ఇప్పుడు అసలు విషయం. ఇద్దరివీ ఒకే జన్యువులు. ఒకే ఇల్లు, ఒకే తిండి. అయినప్పటికీ పైగడి వారికి జబ్బు స్వల్పం, కిందిగడి వారికి తీవ్రం. తేడా ఎచ్చట? ఒకే ఒక్క అంశంలో. పైగడి వారు అవివాహితులు. కిందిగడి వారు వివాహితులు."

కాసేపు నాకు అర్థం కాలేదు.

"అంటే నీటికాసులు నా వల్ల ముదిరాయంటారా?"

"వ్యక్తిగతంగా తీసుకోకండి. మీరు ఒక కారకాంశం. అందుచేత చికిత్సలో భాగంగా మీరు కొంతకాలం కిందిగడి వారికి దూరంగా, పుట్టింట ఉండవలెను. ఆ తరువాత తీసే చిత్రంలో ముదురుదల ఆగినచో, ప్రపంచానికి మనమిచ్చే కానుక అవుతుంది."

"మా పుట్టిల్లు మా ఆయన అక్కగారిల్లేనండీ. ఆయన కూడా రోజూ అక్కడే కాఫీ తాగుతాడు."

పరాంకుశరావుగారు ఆలోచనలో పడ్డారు. "పైగడి వారు తాగవచ్చును," అన్నారు.

చెప్పుకుంటే సిగ్గుచేటు, ఓ వారం వెళ్ళాను కూడా. ఎందుకంటే వాళ్ళు చెప్పింది చేస్తేనైనా ఆపరేషన్ మాటెత్తుతారేమోనని. నేను లేని ఆ వారంలో మావయ్య వీధి అరుగు మీంచి పక్కకి పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. తిరిగొచ్చి కట్టు కడుతూ ఏడ్చేశాను. అప్పుడు ఆయన అన్న మాట వినండి.

"ఏడవకే కనకం. నాకేం పర్లేదు. నాది కొంచెమే ఎర్రగా ఉంది, అంతా పచ్చే కదా. ఆ కిందిగడి సత్తిరాజుకే పాపం, బాగా ముదిరిపోయిందంట."

నేను కట్టు కట్టడం ఆపేశాను. "మావయ్యా, కిందిగడి సత్తిరాజు ఎవరు?"

"ఏమోనే. అంతంత చదువుకున్నవాళ్ళు అబద్ధం చెప్తారా? రక్తం కూడా తేల్చింది కదా. మా అమ్మకి కవలలు పుడితే ఒకణ్ణి ఎవరికైనా పెంపకానికిచ్చేసిందేమో. మాకు చెప్పిందా పెట్టిందా!" అని, కట్టు వైపు చూసుకుని, "పాపం, వాడు నడవగలుగుతున్నాడో లేదో," అన్నాడు.

ఆయనకి పిచ్చెక్కలేదు. భయమేసింది. ఆ ఎర్రటి ఫొటో తనది కాదనుకోవడానికి పెద్దవాళ్ళంతా కలిసి ఓ దారి చూపించారు, ఆ దారమ్మట వెళ్ళిపోయాడు. తిట్టకుండా మిగతా కట్టు కట్టేశాను.

సంక్రాంతి ముందు పట్నంలో మహాసభ పెట్టారు. కవలల సంగతి చదివి వినిపించాక శస్త్రచికిత్స విషయం "సానుకూలంగా పరిశీలించబడును" అన్నారు గనక వెళ్ళాం. పెద్ద హాలు నిండా డాక్టర్లు. వేదిక మీద రెండు కుర్చీలు, రెండు దండలు, రెండు శాలువాలు. మావయ్యని చెయ్యి పట్టుకుని ఎక్కించి ఓ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ఎడమ పక్క కుర్చీ ఖాళీ. రెండో దండ దానికి వేశారు. రెండో శాలువా కూడా దానికే కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కారకాంశం గనక వేదికకి దూరంగా, ఆఖరి వరసలో కూర్చోబెట్టారు.

పరాంకుశరావుగారు తెర మీద రెండు ఫొటోలూ వేశారు. గోప్యత ఏమైందో మరి, పక్కపక్కనే వేశారు. "ఒకే పోలిక కవలలు! చూడండి, వివాహము నేత్రనాడిపై చూపిన ప్రభావము!" అన్నారు.

మద్రాసు నుంచి వచ్చిన ఓ ముసలి డాక్టరుగారు ముందు వరసలోంచి లేచారు. "ఈ రెండింట్లోనూ రక్తనాళాలు ఒక్కలాగే వంపు తిరిగాయి. కవలలకైనా అలా ఉండదు. ఇది ఒకే కన్ను. అదే నిజమైతే ఈ మనిషి చూపు కళ్ళముందే పోతోంది. ఏం వైద్యం చేశారు?"

"ఎవరికండీ?" అన్నారు పరాంకుశరావుగారు.

"ఎవరికైనా!"

"మొదటివారికి జబ్బు స్వల్పం, కావున అవసరం లేదు. రెండవవారికి పూర్వచిత్రం లేదు, కావున అర్హత లేదు."

"ఆ రెండోవారు ఏరీ? నాకు కుర్చీ కనబడుతోంది. మనిషి కనబళ్ళేదు."

హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. పరాంకుశరావుగారు ఏమాత్రం తొణకలేదు. మైకు తీసుకెళ్ళి మావయ్య నోటి దగ్గర పెట్టారు. "సత్తిరాజుగారూ, సభవారి సందేహము తీర్చండి. మీ సోదరులు మీ ఎడమ పక్కన ఆసీనులై ఉన్నారు కదా?"

మావయ్య ఎదురుగా హాలు వైపే చూస్తూ కూర్చున్నాడు. చేతులు జోడించాడు.

"నాకు అటు పక్క ఏమీ కనపడదండీ. తమరు పెద్దలు. ఉన్నాడని తమరంటున్నారు, ఉన్నట్టేనండి. వాడికి ఆపరేషన్ చేయించండి బాబూ. నాది పర్లేదు, వాడిదే బాగా పాడైపోయిందంట."

ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. అన్నదమ్ముల ప్రేమ అనుకుని హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నేను ఆ చప్పట్ల మధ్యలోంచి పరిగెత్తాను. ఎవరో ఆపబోయారు, తోసేశాను. వేదికెక్కి, మావయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని ఎడమ పక్కకి తిప్పాను. పూర్తిగా తిప్పాను, ఆ కుర్చీ ఎదురుగా వచ్చేదాకా.

"చూడు మావయ్యా."

చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి కుర్చీ మీది శాలువా తడిమాడు. శాలువా కింద కుర్చీ చెక్క తగిలింది.

"ఎవరూ లేరే కనకం."

"లేరు మావయ్యా."

"అయితే ఆ ఎర్రటి కన్ను నాదేనా?"

"నీదే మావయ్యా," అన్నాను.

ఆయన నా మొహం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. వెనక హాల్లో ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.